ఏ వాగు చేప?

వల పైకెత్తితే వచ్చేదంతా ఆకులే. నల్లబడిన ఆకులు, సగం కుళ్ళి ఈనెలు మాత్రమే మిగిలిన ఆకులు, పుల్లలు, ఏవో కాయల తొక్కలు. చేప ఎక్కడా కనబడదు. వలని గట్టు మీద పెట్టుకుని ఒక్కో ఆకునీ తీసి పక్కన వేస్తూ పోతే, అడుగున ఎక్కడో బొటనవేలంత గోధుమరంగు చేప ఒకటి ఎగిరిపడుతుంది. ఆక్వేరియంలో పెంచుకునే ఆపిస్టోగ్రామా అనే చిన్న చేపని పట్టడం అంటే ఇంతే. ఫొటోల్లో చూసి మురిసిపోయిన నీలాలు, నారింజలు అప్పుడేమీ ఉండవు. భయపడిన చేప ముందు రంగు వదిలేస్తుంది. ఇంత దూరం వచ్చింది దీనికోసమా అనిపిస్తుంది కూడా.

సిక్లిడ్ కుటుంబం చేపల్లో పూర్తిగా ఎదిగినా సుమారు పది సెంటీమీటర్లు దాటనివాటిని డ్వార్ఫ్ సిక్లిడ్‌లు అంటారు. పశ్చిమ ఆఫ్రికా వాగుల్లో పెల్వికాక్రోమిస్‌లు, కాంగో నది వైపు నానోక్రోమిస్‌లు ఉన్నాయి. వెనెజులా, కొలంబియా గడ్డిమైదానాల నుంచి వచ్చిన రామ్ సిక్లిడ్ గురించి ఆక్వేరియం పెట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. నేను మాత్రం ఆపిస్టోగ్రామాల దగ్గర, ముద్దుగా ఆపిస్టోల దగ్గర ఆగిపోయాను. దక్షిణ అమెరికాలో, ఆండీస్ పర్వతాలకి తూర్పున ఉండే చేపలివి. ఇప్పటికే పేరు పెట్టిన జాతులు 90 దాటాయి. పేరు పెట్టాల్సినవి ఇంకా ఉన్నాయి. ఫారంలో పెంచిన ఆపిస్టోలు ఎర్ర రెక్కలతో, పెద్ద పెద్ద తోకలతో ఎక్కడైనా దొరుకుతాయి. వాటితో నాకు పేచీ లేదు, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి అవే మంచివి. కానీ వాటికి ఊరు లేదు. అడవి చేపకి ఊరుంటుంది. నన్ను పట్టుకున్నది అదే.

ఉదాహరణకి ఆపిస్టోగ్రామా అగసిజీ. ఆస్ట్రియా శాస్త్రవేత్త స్టైన్‌డాఖ్నర్ 1875లో దీన్ని వర్ణించి, ప్రకృతి శాస్త్రవేత్త లూయీ అగసీ పేరు పెట్టాడు. పెరూలో మొదలై అమెజాన్ పొడవునా, కిందికి చాలా దూరం దాకా ఈ చేప దొరుకుతుంది. ఒక చోట మగ చేప తోక ఎర్రగా ఉంటుంది, ఇంకో చోట పసుపు, మరో చోట నీలం మీద తెల్ల అంచు. ఇవన్నీ ఒకటే జాతా, లేక ఒకే పేరు కింద పడి ఉన్న నాలుగైదు జాతులా అన్న అనుమానం తెలిసినవాళ్ళకి ఎప్పటినుంచో ఉంది. రేపెవరైనా వాటిని విడదీసి వేరే పేర్లు పెడితే, మీ ట్యాంకులో ఉన్నది ఏదో ఎలా చెబుతారు? ఏ వాగులో పట్టారో రాసి ఉంటే చెప్పగలరు. రాసి లేకపోతే అది ఎప్పటికీ 'ఏదో అగసిజీ' మాత్రమే.

ఆడ చేపల సంగతి ఇంకా ఘోరం. మగవాటిని తోక చూసి, గీతలు చూసి పోల్చవచ్చు. అగసిజీ మగదాని తోక మొన తేలి ఉంటుంది, బిటేనియాటా అనే ఇంకో జాతి మగదాని తోక రెండుగా చీలి ఉంటుంది. ఆడవి పక్కపక్కన పెడితే చాలా జాతుల్లో ఒకటే బూడిద రంగు, ఒకటే నల్ల గీత. ఒకే వాగులో రెండు మూడు జాతులు కలిసి ఉన్నప్పుడు మగది ఒక జాతి, ఆడది ఇంకో జాతి అయిన 'జత' పెట్టెలో రావడం హాబీలో పాత కథే. అందుకే చేపలు పట్టే చోట నేనే ఉండాలని పట్టుబట్టి వెళ్ళాను.

వెళ్ళింది పెరూలోని ఇకీటోస్‌కి. బయటి నుంచి ఆ ఊరికి రోడ్డు లేదు. విమానంలో దిగాలి, లేదా నది మీద పడవలో రావాలి. ఊళ్ళోంచి బయల్దేరే ఒకే ఒక పెద్ద రోడ్డు దాదాపు వంద కిలోమీటర్లు దక్షిణంగా పోయి, మారన్యోన్ నది ఒడ్డున నౌటాలో ఆగిపోతుంది. ఆ రోడ్డు కింద నుంచి చిన్న చిన్న అడవి వాగులు పోతుంటాయి. అక్కడివాళ్ళు కెబ్రాడలు అంటారు. ఇకీటోస్‌కి తాగునీరిచ్చే నానాయ్ నది ఆకుల రంగు దిగిన నల్లనీళ్ళ నది, దాని పాయల్లోనూ ఆపిస్టోలు ఉంటాయి. ఆ రోడ్డుకీ నానాయ్‌కీ మధ్య అల్పవాయో మిషానా అనే రక్షిత అడవి ఉంది. అందులో చూడటమే తప్ప వల తీయకూడదు. జూలై తర్వాత, నీళ్ళు తగ్గే కాలంలో వెళ్ళాలి. వరద కాలంలో నది అడవిలోకి ఎక్కేసి చేపలన్నీ చెట్ల మధ్యకి చెదిరిపోతాయి. నీళ్ళు దిగాక వాగుల్లోకి, గుంటల్లోకి తిరిగి చేరతాయి.

మాతో వచ్చిన జాలరి చేతిలో గుండ్రని పెద్ద వల, నా చేతిలో చిన్న చేతి వల. ఆయన చెప్పిన మొదటి మాట చేపల గురించి కాదు, కాళ్ళ గురించి. ఇసుకలో అడుగులు ఎత్తి వేయకూడదు, ఈడ్చుకుంటూ నడవాలి. ఇసుకలో కప్పుకుని పడుకున్న స్టింగ్‌రే మీద కాలు వేస్తే తోక ముల్లు దిగుతుంది. ఈడిస్తే ఆ కదలికకి అదే తప్పుకుంటుంది. ఆ తర్వాత నేను ఆ వాగులో ఎక్కడా అడుగు ఎత్తింది లేదు.

వలతో చేపని తరమకూడదు. ఆపిస్టో పారిపోదు, ఆకుల్లోకి దూరుతుంది. కాబట్టి ఆకుల గుట్ట కిందికి వల తోసి, గుట్టని గుట్టగా ఎత్తేయాలి. నీటి ప్రవాహం మందగించే మలుపుల్లో, పడిపోయిన దుంగల వెనక ఈ గుట్టలు పేరుకుంటాయి. మీదున్న ఆకులు కొత్తవి, కిందవి ముట్టుకుంటే విడిపోయేంత పాతవి. చేపలు ఉండేది ఎక్కువగా ఆ పాత పొరలోనే. నడుము లోతు నీళ్ళలో గంటసేపు వల వేసినా ఏమీ పడలేదు. అక్కడ వాటిని తినే పెద్ద చేపలు తిరుగుతుంటాయి. చీలమండ లోతులో, గట్టు పక్కన, ఇక్కడేం ఉంటాయి అనిపించే చోట ఒక్క ఎత్తుకి నాలుగైదు దొరికాయి. ఆపిస్టోని లోతైన ట్యాంకులో పెట్టి, అది పైకి రావడం లేదని బాధపడేవాళ్ళు ఈ చోటు ఒకసారి చూడాలి.

ఆకులతో పాటు ఇంకేమేమో వస్తాయి. తూనీగ పిల్లలు, పారదర్శకమైన రొయ్యలు, పుల్లముక్క అనుకుని పారేయబోతే కదిలే చిన్న క్యాట్‌ఫిష్‌లు. ఒకసారి నేను ఆకు అనుకుని వేళ్ళతో ఎత్తింది లీఫ్ ఫిష్. గడ్డం దగ్గర ఆకు కాడలాంటి మొలక కూడా ఉంటుంది దానికి. నీళ్ళలో తల వంచి ఆకులా తేలుతూ వచ్చి, చిన్న చేపల్ని గుటుక్కున మింగేస్తుంది. ఆపిస్టో పిల్లలు దాక్కునే ఆకుల మధ్యే వాటిని తినే ఆకు కూడా ఉందన్నమాట. పట్టిన వాటిలో ఎక్కువ భాగం అక్కడే వదిలేశాం. ఒకచోట పసుపు పచ్చగా మారిన ఆడ చేప, చుట్టూ కంటికి ఆనని పిల్లల గుంపు కనిపించాయి. ఆ గుట్ట జోలికి పోలేదు.

నీళ్ళు చిక్కటి డికాషన్ రంగులో ఉన్నాయి, కానీ దోసిట్లోకి తీసుకుంటే తేటగానే ఉంటాయి. రంగంతా కుళ్ళిన ఆకుల నుంచి దిగిన హ్యూమిక్ పదార్థాలది. కండక్టివిటీ మీటర్ ముంచితే 20 మైక్రోసీమెన్స్ లోపే. అంటే ఆ నీళ్ళలో లవణాలు దాదాపు లేనట్టే. పీహెచ్ మీటర్‌తో ఓపిక పట్టాలి. లవణాలు లేని నీళ్ళలో అంకె ఒక పట్టాన నిలవదు. నిలిచాక చూస్తే 5కి కాస్త దిగువన ఆగింది. చెట్ల నీడలో నీళ్ళు 25 డిగ్రీలు. ఇవన్నీ నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో రాశాను, పెన్ను అక్కడ పనికిరాదు. వాగు పేరు, రోడ్డు మీద కిలోమీటరు గుర్తు, లోతు, అడుగున ఇసుకా బురదా, దానితోపాటు దొరికిన వేరే చేపలు. చేప కన్నా ఈ కాగితమే భద్రంగా తెచ్చుకున్నాను.

ఏ చేపని ఉంచుకోవాలన్న దగ్గర చాలామందితో నాకు కుదరదు. అందరి చెయ్యీ పెద్ద మగదాని మీదికి పోతుంది. ఆపిస్టోలు రెండు మూడేళ్ళకి మించి బతకడం తక్కువ. వాగులో బాగా పెరిగిన మగ చేప అంటే అప్పటికే ముసలిది. తెచ్చుకుని, రోగాలకి మందేసి, తిండి అలవాటు చేసేసరికి దాని కాలం అయిపోతుంది. మరీ పిల్లల్ని తీసుకుంటే ఆడామగా తెలియదు, జాతీ తెలియదు. ముప్పాతిక పెరిగినవి, రెక్కలు అప్పుడప్పుడే సాగుతున్నవి తీసుకోవడం నా పద్ధతి. ఫొటోకి బాగుండవు. పర్లేదు.

పట్టింది నా చేతులే అయినా, తెచ్చింది నేను కాదు. లైసెన్సు ఉన్న ఎగుమతిదారు పేరు మీద, ఆరోగ్య పత్రంతో, పెట్టెల్లో వచ్చాయి. బ్రెజిల్‌లోనూ అనుమతి లేకుండా చేప పట్టి సూట్‌కేసులో పెట్టుకుంటే నేరమే, అక్కడ ఈ వ్యవహారం చూసేది ఇబామా అనే ప్రభుత్వ పర్యావరణ సంస్థ. కాగితాల పనికి పట్టే ఓపిక లేనివాళ్ళు నమ్మకమైన దిగుమతిదారు దగ్గర కొనుక్కోవడం మేలు. పట్టిన చోటు అడగడం మాత్రం మానొద్దు.

ఇక పెట్టె ఇంటికి చేరాక జరిగే పని. ప్రయాణానికి ముందు రెండు రోజులు చేపలకి తిండి పెట్టరు, సంచిలో నీళ్ళు పాడు కాకుండా. ఒక్కో సంచిలో ఒక్కో చేప, మూడో వంతు నీళ్ళు, మిగతాది ఆక్సిజన్, చుట్టూ థర్మోకోల్ పెట్టె. సంచిలో చేప వదిలే అమ్మోనియా పేరుకుంటుంది. కానీ అది వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల నీళ్ళు ఆమ్లంగా మారి, ఆ అమ్మోనియా చాలావరకు హాని చేయని అమ్మోనియం రూపంలో ఉండిపోతుంది. సంచి తెరవగానే గ్యాస్ బయటికి పోతుంది, పీహెచ్ పెరుగుతుంది, అమ్మోనియం మళ్ళీ విషమవుతుంది. అందుకే తెరిచిన సంచిలోకి గంటల తరబడి చుక్కచుక్కగా నీళ్ళు వదిలే పద్ధతి దూరం నుంచి వచ్చిన చేపలకి నేను వాడను. సంచి మూసి ఉండగానే ట్యాంకులో తేలవేసి వేడి సమం చేస్తాను. అంతకుముందే ట్యాంకు నీళ్ళని ఆర్వో నీళ్ళతో, ఆకులతో సంచి నీళ్ళకి దగ్గరగా తెచ్చి ఉంచుతాను. తెరిచాక త్వరగా చేపని వలతో ఎత్తి ట్యాంకులో వేస్తాను. సంచి నీళ్ళు ట్యాంకులో ఒక్క చుక్క పడకూడదు. లవణాలు లేని నీళ్ళ నుంచి వచ్చిన చేపని ఒక్కసారిగా లవణాలు ఎక్కువున్న గట్టి నీళ్ళలో వేస్తే శరీరం తట్టుకోలేదు.

మొదటి నెలన్నర విడిగా, ఖాళీ ట్యాంకులో. లైటు ఉండదు, ఆకులు మాత్రం ఉంటాయి. అడవి చేప అంటే పురుగులతో వచ్చే చేప. మలద్వారం దగ్గర ఎర్రటి పోగులు వేలాడితే కమలానస్ అనే పేగు పురుగు, దానికి లెవమిసోల్. మొప్పల పురుగులకి ప్రాజిక్వాంటెల్. లక్షణాలు చూడకుండా మందులన్నీ కలిపి పోసేవాళ్ళున్నారు, నాకది నచ్చదు. పెల్లెట్ తిండి వీటికి తిండని తెలియదు. పక్కనుంచి దాటి పోతుంటే తల కూడా తిప్పవు. అప్పుడే పొదిగిన ఆర్టీమియా, డాఫ్నియా లాంటి బుల్లి నీటిజీవులు, దోమ లార్వాలు కదులుతుంటే మొదట కన్ను తిరుగుతుంది, తర్వాత చేప తిరుగుతుంది. తినడం మొదలయ్యాక ఫ్రోజెన్ తిండి కాస్త కాస్త కలుపుతూ పోవచ్చు.

ట్యాంకు గురించి వాగు దగ్గరే నిర్ణయమైపోయింది. ఎత్తు అక్కర్లేదు, అడుగు వైశాల్యం కావాలి. అరవై సెంటీమీటర్ల పొడవు, ముప్పై వెడల్పు ఉంటే ఒక మగది, రెండు ఆడవి సర్దుకుంటాయి. ఒక్కో ఆడదానికి దాని సొంత మూల ఉండాలి, మధ్యలో చూపు ఆగేలా ఓ కర్ర ముక్క. అడుగున సన్నటి ఇసుక, ఎందుకంటే ఇవి నోటితో ఇసుక తీసి మొప్పల నుంచి జల్లి తిండి ఏరుకుంటాయి. దానిమీద నాలుగు వేళ్ళ మందాన ఎండిన ఆకులు. బాదం ఆకులు బాగుంటాయి, ఓక్ ఆకులూ బాగుంటాయి, మందులు కొట్టని చెట్టువైతే చాలు. స్పాంజ్ ఫిల్టర్. చూసినవాళ్ళు ట్యాంకు కడగవా అని అడుగుతారు. ఆకుల మీద పేరుకునే జిగురు పొరలో సూక్ష్మజీవులుంటాయి. పిల్లలు పుట్టాక మొదటి తిండి అక్కడే. పాత ఆకులు తీసేయను, పైన కొత్తవి వేస్తాను. వాగులోనూ అంతే కదా.

గుడ్లు పెట్టేది ఇరుకు చీకట్లో, పైకప్పుకి. కొబ్బరి చిప్పకి చిన్న కన్నం చేసి బోర్లిస్తే సరి. ఒక రోజు ఆడ చేప బూడిద రంగు వదిలి నిమ్మపండు పసుపులోకి మారుతుంది, నల్ల మచ్చలు చిక్కబడతాయి. మగది తనకన్నా రెట్టింపు ఉన్నా చిప్ప దగ్గరికి రానివ్వదు. రెండు మూడు రోజుల్లో గుడ్లు పగులుతాయి, ఇంకో వారం లోపు పిల్లలు ఈదుతాయి. తల్లి రెక్కల్ని చటుక్కున విదిలిస్తే పిల్లలన్నీ ఒక్కసారి ఆకులకి అతుక్కుపోతాయి. మళ్ళీ ఇంకోలా కదిలిస్తే లేస్తాయి. నేను పని ఎగ్గొట్టి చూసే దృశ్యం ఇదొక్కటే. నీళ్ళు గట్టిగా ఉంటే ఇక్కడిదాకా రావడం కష్టం, నల్లనీళ్ళ జాతుల గుడ్లు బూజు పట్టి పోతాయి.

పిల్లలు ఆడా మగా అన్నది పుట్టుకతోనే పూర్తిగా తేలిపోదు. ఊవ రోమర్, బైసెన్‌హెర్ట్స్ అనే జర్మన్ పరిశోధకులు 1996లో ముప్పైకి పైగా ఆపిస్టో జాతుల మీద చేసిన పని అచ్చయింది. పిల్లలు పెరిగే నీళ్ళు వెచ్చగా ఉంటే మగవి ఎక్కువ, చల్లగా ఉంటే ఆడవి ఎక్కువ అవుతాయని తేలింది. కొన్ని జాతుల్లో పీహెచ్ ప్రభావం కూడా ఉంది. హీటర్ 29 మీద పెట్టి, అన్నీ మగవే వచ్చాయని తల పట్టుకునేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. వాగులో నీళ్ళు 25 దగ్గర ఉన్నాయి, నా హీటరూ అక్కడే ఉంటుంది.

అడవి నుంచి చేపలు తేవడం తప్పు కాదా అని అడిగేవాళ్ళకి నా దగ్గర ఒక్క ముక్కలో జవాబు లేదు. నీళ్ళు దిగిన గుంటల్లో చిక్కుకున్న చేపల్లో చాలావరకు గుంట ఎండితే పోయేవే. బ్రెజిల్‌లో రియో నెగ్రో మీదున్న బార్సెలోస్‌లో కార్డినల్ టెట్రా అనే చిన్న ఆక్వేరియం చేపలు పట్టి బతికే కుటుంబాలున్నాయి. చేపల మీద రాబడి ఉన్నంత కాలం అడవిని నరకాల్సిన అవసరం వాళ్ళకి తగ్గుతుందన్న ఆలోచనతో 1989 నుంచి ప్రాజెక్ట్ పియాబా నడుస్తోంది. అమెజాన్ పొడవునా దొరికే అగసిజీకి ఈ వాదన చెల్లుతుంది. అన్ని జాతులకీ చెల్లదు. 1979లో స్వీడన్ శాస్త్రవేత్త స్వెన్ కులాండర్ వర్ణించిన నిజెనీ అనే ఆపిస్టో పెరూలో చాలా చిన్న ప్రాంతంలోనే ఉంటుంది. అలాంటి చేపని ఎవరైనా ట్యాంకులో పెంచి పిల్లల్ని తీస్తుంటే అవే తీసుకుంటాను, వాగు నుంచి అడగను.

నా దగ్గర పుట్టిన పిల్లల్ని పంచేటప్పుడు ప్రతి సంచి మీదా చీటీ ఉంటుంది. జాతి పేరు, వాగు, కిలోమీటరు గుర్తు, పట్టిన సంవత్సరం, ఎన్నో తరం. మొన్న ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, మీ దగ్గర తీసుకున్న మగది పోయింది. నా దగ్గర బ్రెజిల్‌లోని టెఫే వైపు నుంచి వచ్చిన అగసిజీ మగది ఒకటి ఉంది, సూపర్ కలర్. ఈ ఆడవాటితో వేసేయనా?" అన్నాడు. పిల్లలు వస్తాయి, అందంగానూ ఉంటాయి, కానీ ఆ చీటీ మీద ఏం రాస్తావు అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. ఆడవాటిని విడిగా ఉంచమని, రెండో ఈతలో మగపిల్లలు రంగు తేలగానే ఒకటి పంపుతానని చెప్పాను. అవి ఇంకా రెండు సెంటీమీటర్లే ఉన్నాయి. ఇంకో రెండు మూడు నెలలు ఆగాలి.